బోజు ఎత్తిన బేటీల తారీఖ్

పోయిన రంజాన్‌లో మా అమ్మీ మొదటిసారి కుర్చీలో కూర్చుని తరావీహ్ చదివింది. సజ్దాలోకి వెళితే మళ్లీ లేవలేకపోతోంది. ఆ నెలలోనే డిగ్రీ చదివే మా బేటీ వచ్చి, "మమ్మీ, ఈద్ అయ్యాక జిమ్‌లో చేరతా. వెయిట్ లిఫ్టింగ్ నేర్చుకుంటా" అంది. పక్కనున్న మా ఖాలా చేతిలో తస్బీహ్ ఆగిపోయింది. "యా అల్లా! బోజులెత్తడానికి నువ్వేమన్నా హమాలీవా? రేపు ఔలాద్ కలగకపోతే? బుర్ఖా తీసేసి ఎత్తుతావా? లోగాఁ క్యా బోలింగే?"

నేను హా అనలేదు, నహీఁ అనలేదు. ఖాలా సవాళ్లకు జవాబుల కోసం ఈ ఆట తారీఖ్ తిరగేశాను.

తెలిసిన మొదటి సంగతి, ఈ దర్వాజా మూసింది మనం ఒక్కళ్లమే కాదు. 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఒలింపిక్స్‌లోనే మగవాళ్లు బరువులెత్తారు. ఆడవాళ్లకు మొదటి ప్రపంచ పోటీలు జరిగింది 1987లో, అమెరికాలోని డేటోనా బీచ్‌లో. ఒలింపిక్స్‌లో ఇజాజత్ దొరికింది 2000లో, సిడ్నీలో. అంటే 104 ఏళ్ల ఇంతెజార్!

ఆ సిడ్నీలోనే మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస బేటీ కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో నిలబడింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. మా ఖాలా ఔలాద్ ఫికర్‌కి జవాబు కూడా ఆమె జిందగీలోనే ఉంది. 2001లో కొడుకు పుట్టాడు. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌కి ఆమె మళ్లీ వెళ్లింది.

ఇక లిబాస్ సంగతి. పోటీలో మోచేతులు, మోకాళ్లు కప్పకూడదని అంతర్జాతీయ సమాఖ్య కాయిదా ఉండేది. బరువు తల మీదికి లేచాక మోచేయి పూర్తిగా బిగిసిందా లేదా అన్నది జడ్జీలకు కనబడాలి కదా, వాళ్ల వజహ్ అది. కానీ దాని వల్ల ఒళ్లంతా కప్పుకునే ముస్లిం ఆడవాళ్లు పోటీల బయటే ఉండిపోయారు.

కుల్సూం అబ్దుల్లా పాకిస్తానీ మూలాలున్న అమెరికన్. అట్లాంటాలో ఉండేది, ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేసింది. హిజాబ్, పొడుగు చేతుల లిబాస్ వల్ల పోటీకి రానివ్వకపోతే ఆమె బరువులూ వదల్లేదు, హిజాబూ వదల్లేదు. దర్ఖాస్తు పెట్టింది. లోపల ఒంటికి పట్టినట్టుండే బట్ట వేసుకుంటే మోచేయి బిగిసింది లేనిదీ తెలుస్తుందని వివరించింది. 2011 జూన్‌లో సమాఖ్య కాయిదా మార్చింది. జులైలో ఆమె అమెరికా జాతీయ పోటీల్లో, నవంబర్‌లో పారిస్ ప్రపంచ పోటీల్లో పాకిస్తాన్ తరఫున బరువెత్తింది.

ఒక్క ఔరత్ హిమ్మత్‌తో తెరిచిన దారి అది. మరుసటి ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో ఎమిరేట్స్‌కి చెందిన పదిహేడేళ్ల ఖదీజా ముహమ్మద్ హిజాబ్‌తో బరువెత్తింది. 2016లో రియోలో ఈజిప్టు అమ్మాయి సారా అహ్మద్ హిజాబ్‌తోనే 255 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. మల్లీశ్వరిదీ ఆమెదీ ఒకటే విభాగం, ఒకటే పతకం. మధ్యలో పదహారేళ్లు.

మన పిల్లలంతా ఒలింపిక్స్‌కి పోనక్కర్లేదు. ముప్ఫై దాటాక కండ మెల్లమెల్లగా తగ్గుతుంది. నెలసరి ఆగిపోయాక ఎముకలు వేగంగా గుల్లబారతాయి. బరువులెత్తే కసరత్తు ఈ రెండింటినీ నెమ్మదింపజేస్తుంది. రక్తంలోని చక్కెరను కండలు వాడుకుంటాయి కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకూ ఫాయిదా. వారానికి కనీసం రెండు రోజులు కండబలం పెంచే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లందరికీ చెబుతోంది. మగవాళ్లలా కండలు ఉబ్బుతాయన్న భయం వద్దు. ఆడవాళ్లలో ఆ హార్మోను చాలా తక్కువ. మొదట్లో తేలిక బరువులతో, నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకుంటే చాలు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి.

అసలు బోజు మనకి కొత్తా? మా నానీ రోజూ నీళ్ల బిందె చంకనెత్తుకుని మోసేది. అప్పుడు ఎవరూ "లోగాఁ క్యా బోలింగే" అనలేదు. ఇంటి కోసం మోస్తే ఖిద్మత్, తన సేహత్ కోసం ఎత్తితే బేషరమా? ఇదేం ఇన్సాఫ్? రసూలుల్లాహ్ (స) తమ బీవీ హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్నారని, ఒకసారి ఆమే గెలిచారని మన మస్జిదుల్లోనే విన్నాం. మరి ఆ బయాన్ ఇంటి గడప దాకా రాదెందుకు?

ఈద్ తర్వాత బేటీని ఆడవాళ్ల బ్యాచ్‌లో చేర్చాను. ఫజ్ర్ చదివి వెళ్తుంది. తిరిగొచ్చి, డాక్టర్ సరేనన్నాక, వాళ్ల నానీ చేత రోజూ పదిసార్లు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేపిస్తోంది. అమ్మీ నవ్వుతూనే లేస్తోంది. వచ్చే రంజాన్‌కి నేల మీద సజ్దా చేయాలని ఆమె దువా. ఇన్షా అల్లాహ్.

ఖాలా ఇంకా ఒప్పుకోలేదు. కానీ నిన్న కుర్చీ తన వైపు లాక్కుంది.