జస్టిసు కక్షి చరిత్రము – మన సంఘములకు హెచ్చరిక

మహాసభా సంచికలయందు పూర్వుల కీర్తిని కొనియాడుట మనలో చిరకాలముగా వచ్చుచున్న మర్యాద. అది తగినదే. కాని కీర్తిని గడించినవారి చరిత్రమును మాత్రమే చదివి, గడించినదానిని పోగొట్టుకొన్నవారి చరిత్రమును విడిచిపెట్టుట వివేకము గాదు. తెలుగు జమీందారులును, వర్తకులును, న్యాయవాదులును పెంచి పోషించిన జస్టిసు కక్షి ఏల యంతరించెనో విచారించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

1916వ సంవత్సరము నవంబరు 20వ తేదీన చెన్నపట్టణమున బ్రాహ్మణేతర ప్రముఖులు సమావేశమై యీ కక్షికి పునాది వేసిరి. పిట్టి త్యాగరాయశెట్టిగారు, డాక్టరు టి. యం. నాయరుగారు, డాక్టరు సి. నటేశ మొదలియారుగారు దీనికి మూలపురుషులు. దక్షిణభారత ఉదారవాద సమాఖ్య యనునది దాని యసలు పేరు. ‘జస్టిసు’ అను ఆంగ్లపత్రికను నడపుటచే జనులు దానిని జస్టిసు కక్షి యని పిలిచిరి. తెలుగున ‘ఆంధ్రప్రకాశిక’ దాని వాణిగా నుండెను.

ఆనాటి ప్రశ్న సూటియైనది. సర్కారు కొలువులును ఉన్నతవిద్యయు ఒక్క వర్ణమువారి చేతిలోనే యుండనేల? కక్షి దీనికి సూటిగానే సమాధాన మిచ్చెను. 1920 ఎన్నికలలో శాసనసభయందలి 98 ఎన్నిక స్థానములలో 63 గెలిచి మంత్రివర్గము నేర్పఱచెను. 1921 జూలై మొదలు పానుగల్లు రాజా రామరాయణింగారు ముఖ్యమంత్రిగా నుండిరి. ఉద్యోగములలో అన్ని వర్గములకును పాలు కల్పించు ఉత్తరువు 1921లో వెలువడెను. ఆ సంవత్సరముననే స్త్రీలకు వోటుహక్కు లభించెను. 1925లో హిందూ దేవాదాయ ధర్మాదాయముల చట్టమును, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తును ఆ ప్రభుత్వకాలముననే వచ్చినవి. ఇంత మేలు చేసిన కక్షిని తెలియనివారు మాత్రమే తూలనాడుదురు.

కాని కోరినది చేతికందిన పిమ్మట ఏ పక్షమునకైనను ఒక యపాయము కలదు. సంస్కరింపవచ్చిన పక్షము సంపాదించినదానిని కాపాడుకొను పక్షముగా మాఱును. జనులు క్రొత్త ప్రశ్న లడుగుచుండగా అది పాత ప్రశ్నకే సమాధానము చెప్పుచుండును. జస్టిసు కక్షికి సరిగా నిదియే సంభవించెను.

మొదటి పగులు 1921లోనే కానవచ్చెను. చెన్నపట్టణమున బకింగుహాం కర్ణాటక మిల్లుల సమ్మెలో సవర్ణ కార్మికులకును ఆదిద్రావిడులకును కలహము పుట్టినపుడు కక్షినాయకులు ఆదిద్రావిడులను తప్పుపట్టిరి. అంతకుముందు కక్షిలోనేయుండిన యం. సి. రాజాగారు 1923లో దానిని వీడిపోయిరి. బ్రాహ్మణేతరు లందఱికిని న్యాయము చేసెదమన్న కక్షి, అందఱికంటె క్రిందనున్నవారిని నిలుపుకొనలేకపోయెను. ఆ సంవత్సరముననే కట్టమంచి రామలింగారెడ్డిగారు వేఱుపడి, నవంబరులో మంత్రివర్గముపై అవిశ్వాసతీర్మానము ప్రతిపాదించిరి. దానికి 44 వోట్లు అనుకూలముగాను 65 ప్రతికూలముగాను వచ్చినవి. మంత్రివర్గము నిలిచెను గాని, లోనివారి హెచ్చరికను పెద్దలు చెవిని బెట్టినట్లు కానరాదు.

1930 నాటికి దేశస్థితి మాఱెను. ఉప్పు సత్యాగ్రహము గ్రామ గ్రామమును కదిలించెను. ప్రపంచమంతట వచ్చిన ఆర్థికమాంద్యమువలన ధాన్యపుధర పడిపోయెను. శిస్తుభారము మాత్రము రైతు నెత్తిననే యుండెను. జమీందారీలలో ఆచార్య రంగాగారు రైతులను కూడగట్టుచుండిరి. అట్టి దినములలో మంత్రులు నెలకు 4,333 రూపాయల జీతము పుచ్చుకొనుచుండిరి. జమీందారుకాని మునుస్వామినాయుడుగారు ముఖ్యమంత్రియై, జమీందారుల పెత్తనమునకు లోబడక, కక్షిలోనే యెదిరింపునకు గుఱియై 1932 నవంబరులో పదవిని విడువవలసివచ్చెను. ఆయన స్థానమున బొబ్బిలి రాజాగారు వచ్చిరి. 1936 చట్టమువలన ఇనాము గ్రామముల రైతులకు జిరాయితీ హక్కు కలిగెననుట నిజమే. కాని జమీందారీ రైతు మొఱ మాత్రము తీఱలేదు. కక్షి చేసిన మంచిపని సయితము జనులకు రాజులు దయతో నిచ్చిన యీవివలె తోచెనుగాని, తమ హక్కుగా తోచలేదు.

1935 రాజ్యాంగచట్టముచే వోటరుల సంఖ్య మిక్కిలి పెరిగెను. 1920లో మదరాసు రాజధాని మొత్తముమీద సుమారు పండ్రెండున్నర లక్షలమందికే వోటుండెను. 1937లో అంతవఱకు వోటెఱుగని చిన్నరైతులును స్త్రీలును వేలకొలదిగా పోలింగునకు వచ్చిరి. శాసనసభలోని 215 స్థానములలో కాంగ్రెసు 159 గెలుచుకొనెను. బొబ్బిలి రాజాగారు తమ బొబ్బిలియందే వరాహగిరి వేంకటగిరిగారి చేత నోడిరి. గెలిచిన కాంగ్రెసు మంత్రులు నెలకు 500 రూపాయలతో తృప్తిపడిరి. 1944లో సేలం మహాసభయందు పెరియారు రామస్వామిగారి నాయకత్వమున కక్షి ద్రావిడర్ కళగముగా మాఱెను. దాని కొడంబడక పాత పేరుతో నిలిచినవారికి 1952 ఎన్నికలలో దక్కినది ఒక్క స్థానము.

ఇది విధివశమున జరిగినది గాదు. ఇంగ్లండులోని కన్సర్వేటివు కక్షి చరిత్రము దీనికి సాక్షి. అదియు భూస్వాముల కక్షియే. 1832 సంస్కరణచట్టమును అది గట్టిగా నెదిరించెను. అయినను 1834లో సర్ రాబర్టు పీలు తన టాంవర్తు ప్రకటనలో ఆ సంస్కరణ నంగీకరించి, న్యాయమైన మార్పులను తామును చేయుదుమని చెప్పెను. 1867లో డిజ్రేలీ పట్టణ కార్మికులకు వోటు నిచ్చెను. 1875లో ప్రజారోగ్యమునకును కార్మికుల యిండ్లకును చట్టములు చేయించెను. 1945లో యుద్ధమును గెలిపించిన చర్చిలుగారినే ఆంగ్లేయ ప్రజలు ఓడించిరి. కక్షివారు ప్రజలను కృతఘ్నులని నిందించుచు కూర్చుండలేదు. 1947లో బట్లరుగారి పూనికచే పరిశ్రమలను గూర్చిన క్రొత్త ప్రణాళికను ప్రకటించిరి. ఏటికి మూడులక్షల యిండ్లు కట్టింతుమని మాట యిచ్చిరి. 1951లో మరల నధికారమునకు వచ్చి, ప్రత్యర్థులు స్థాపించిన జాతీయ ఆరోగ్యసేవను తీసివేయక నిలిపిరి. 1953లో ఇండ్ల మాటయు నెఱవేర్చిరి. ఆ కక్షి తన రాజభక్తిని విడువలేదు. తన మతసంప్రదాయములను విడువలేదు. ఏది ముందు, ఏది వెనుక అను వరుసను మాత్రము మార్చుకొనెను.

మార్పుచే మన స్వరూపమే పోవునని కొందఱు పెద్దలు శంకింతురు. ఆ శంక యుక్తమైనదే. గాలి తిరిగినప్పుడెల్ల తిరుగు పక్షమును ఎవ్వరును నమ్మరు. కాని రూపమును మాత్రము మార్చి పనిని మార్చకున్న జనులు మోసపోరు. పనిని మార్చి రూపమును మార్చకున్న జనులు గుర్తింపరు. జస్టిసు కక్షి పెద్దలు పాత పనినే పాత దర్పముతో సాగించిరి.

ఈ విచారణ మన సంఘమునకును వర్తించును. వసతిగృహములు కట్టించితిమి, విద్యార్థివేతనము లిచ్చితిమి. దాతల ఋణము తీర్చుకొనరానిది. అయినను మన కులముననే భూమిలేని కుటుంబము లెన్నియో కలవు. వారి ఆడుబిడ్డల చదువు మన లెక్కలలో ఎన్నవ పద్దు? కార్యవర్గమున స్త్రీలును, యువకులును, కొద్ది సంపాదన గలవారును ఎందఱు? ఊరేగింపునకైన వెచ్చము ముందా, ఫీజు కట్టలేని విద్యార్థి ముందా? మనకంటె వెనుకబడిన కులములవారు పొరుగున బాధపడుచుండగా మన తీర్మానములలో వారి పేరు వచ్చుచున్నదా? ఈ ప్రశ్నలు బయటివా రడుగకమున్నే మహాసభయందు మనమే యడుగుకొనుట మేలు.

పెద్దలు ముందునడచి, తమ ప్రక్కన పిన్నలకు చోటిచ్చి, మన సంఘమును రాబోవు తరమునకును ప్రయోజనకరముగా నొనర్తురు గాక!