పట్టికకు ఎక్కని పేర్లు

పురస్కార పట్టికలను బట్టియే చరిత్ర వ్రాయువానికి కొన్ని గొప్ప కృతులు కానరావు. అమెరికాలో 1949లో మొదలైన ఎమ్మీ టెలివిజన్ పురస్కారములే ఇందుకు నిదర్శనము.

హెచ్.బి.ఓ. సంస్థ ప్రసారము చేసిన రెండు ధారావాహికలను పోల్చి చూతము. ‘ది సోప్రానోస్’ (1999–2007) 21 ఎమ్మీలను గెలుచుకొన్నది. ‘ది వైర్’ (2002–2008) 60 భాగములు నడచియు ఒక్కటియైన పొందలేదు. బాల్టిమోర్ నగరమందలి పోలీసులు, మత్తుమందుల వర్తకులు, రేవు కార్మికులు, బడిపిల్లలు, అందరి బ్రదుకులను పెనవేసిన కథ యది. దాని నటులలో ఒక్కరికిని నామనిర్దేశము లభింపలేదు. 2005లోను, 2008లోను వచ్చిన రెండును రచనకే.

ఎమ్మీ పద్ధతిలో నటులను నటులు, రచయితలను రచయితలు ప్రతిపాదింతురు. ఏకనాయకుడు లేని ఆ కథలో నటన పలువురికి పంచబడినది; ఒక్కరిని వేరుచేసి చూపుట కష్టము. ఆ నటులలో పెక్కురు నల్లజాతివారన్న సంగతియు మరువరాదు. కథ అల్లికలోని నేర్పును మాత్రము తోటి రచయితలు గుర్తించిరి.

ఒమర్ పాత్రధారి మైకేల్ కె. విలియమ్స్ తరువాత ఇతర కృతులకు నామనిర్దేశములు పొందెను. కాని ఎమ్మీ చేతికందకయే 2021లో మరణించెను. పట్టికలో అతడు విజేత కాడు. ఒమర్‌ను చూచినవారు మాత్రము అతనిని మరువలేదు.