మయ్యత్‌కి ఇచ్చే ఇజ్జత్ మరీజ్‌కి ఎందుకివ్వం?

మా ఊళ్ళో ఆడవాళ్ళ మయ్యత్ అయితే ముందు కబురు వెళ్ళేది ఒక ఖాలా ఇంటికి. రేగాకు వేసి నీళ్ళు కాచడం, నలుగురితో దుప్పటి పర్దా పట్టించడం, గుస్ల్ ఇచ్చి కఫన్ చుట్టడం అన్నీ ఆమె చేతుల మీదే. ఆమె గల్లీలో నడిచి వెళ్తుంటే బుజుర్గులు కూడా ముందు తామే సలాం చేస్తారు.

అదే ఊళ్ళో మొన్న మా భాంజీ ఇంటర్ పాసై నర్సింగ్‌లో చేరతానంది. దూలాభాయ్ ఒక్క మాటతో కొట్టిపారేశారు. "వాళ్ళ మలమూత్రాలు ఎత్తే పాకీ పనికా నిన్ను చదివించింది? రేపు ఏ శరీఫ్ ఇంటి నుంచి రిష్తా వస్తుంది?" ఉర్దూలో పాకీ అంటే పవిత్రత, శుభ్రత. తెలుగులో అదే మాట చెవిన పడితే ముక్కు మూసుకుంటాం. పిల్ల ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. "మామూ, అబ్బాకి మీరే చెప్పండి" అంది. నేను హకీమ్‌నీ కాను, ఆలిమ్‌నీ కాను. తారీఖ్ పుస్తకాలు తిరగేసే అలవాటు ఉంది, అంతే. అందులోంచే చెప్తాను.

మన ఖాలా ఇచ్చే గుస్ల్ పద్ధతి ఎవరి ద్వారా వచ్చింది? హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) అనే అన్సారీ మహిళ ద్వారా. ప్రవక్త (స) కుమార్తె హజ్రత్ జైనబ్ (రజి) వఫాత్ అయినప్పుడు గుస్ల్ ఇచ్చినవాళ్ళలో ఆమె ఉన్నారు. మూడుసార్లో, ఐదుసార్లో, అవసరమైతే ఇంకా ఎక్కువసార్లో కడగమని, నీళ్ళలో రేగాకు వేయమని, చివరిసారి కర్పూరం కలపమని, కుడివైపు నుంచి, వుజూ అవయవాల నుంచి మొదలుపెట్టమని హుజూర్ (స) ఆమెకు నేర్పారు. ఈ హదీస్ బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. గుస్ల్-ఎ-మయ్యత్ మసాయిల్ చెప్పే ప్రతి కితాబూ దీన్ని చెబుతుంది.

కానీ అదే ఉమ్మె అతియ్యా (రజి) గురించి సహీహ్ ముస్లింలో ఇంకో రివాయత్ ఉంది. దాన్ని మన బయాన్లలో ఎవరూ పెద్దగా ఎత్తరు. ప్రవక్త (స)తో కలిసి ఏడు గజ్వాలకు వెళ్ళాననీ, సామాన్లకు కాపలా ఉండి, వంట చేసి, గాయపడ్డవాళ్ళకు మందు రాసి, జబ్బుపడ్డవాళ్ళ తీమార్‌దారీ చేశాననీ ఆమే చెప్పారు. చనిపోయినవాళ్ళని కడిగిన చేతులూ, బతికున్నవాళ్ళకు ఖిద్మత్ చేసిన చేతులూ ఒకటే. మనం సగం మాత్రమే గుర్తుపెట్టుకున్నాం.

ఇంకొకరు హజ్రత్ రుఫైదా (రజి), అస్లమ్ తెగ మహిళ. ఆమె పేరు మీద ఇంటర్నెట్‌లో ఎన్నో కల్పనలు తిరుగుతున్నాయి, నేను వాటి జోలికి పోను. సీరత్ కితాబుల్లో ఉన్నదే చాలు. క్రీ.శ. 627లో ఖందక్ యుద్ధంలో ఔస్ సర్దార్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతి నరానికి బాణం తగిలింది. ఆయన్ని మస్జిద్-ఎ-నబవీలో ఉన్న రుఫైదా ఖైమాలో ఉంచమని హుజూర్ (స) హుకుం ఇచ్చారు. చూసుకునే దిక్కులేని క్షతగాత్రులకు సవాబ్ కోసం ఖిద్మత్ చేసే మనిషి ఆమె. పొద్దునా సాయంత్రమూ హుజూర్ (స) వచ్చి సఅద్‌ని పలకరించేవారు. ఆ ఖైమా వేసింది మస్జిద్‌లో! నజాసత్ అంటుతుందని మన ఇళ్ళలో మరీజ్‌ని వెనక గదిలోకి నెడతాం. అక్కడ నెత్తురోడుతున్న మనిషిని తెచ్చి నమాజ్ జాగాలో పడుకోబెట్టారు.

ఇక్కడ మా అమ్మీ సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఒక దవాఖానాలో ఉంది. రాత్రిపూట ఆ వార్డులో ఆయా లేదు, ఒక మగ వార్డ్‌బాయ్ మాత్రమే ఉన్నాడు. రాత్రి పక్క తడిసింది. అమ్మీ హయాతో నోరు మెదపలేదు. బయట బెంచీ మీద పడుకున్న నాకూ చెప్పలేదు. తెల్లవార్లూ ఆ తడిలోనే ఉండి, ఫజర్ ఎలా చదవాలా అని ఏడ్చింది. పొద్దున డ్యూటీకి వచ్చిన కేరళ సిస్టర్ తెర లాగింది. మా చెల్లి లోపలే ఉండి అంతా చూసి చెప్పింది. ఒళ్ళంతా దుప్పటి కప్పి, కడుగుతున్న భాగం వరకే తీసి, ముందు ముఖం, తర్వాత చేతులు, నీళ్ళు మార్చి చివరికి కింది భాగం కడిగిందట. వీపు తుడిచి, పుండ్లు పడకుండా పక్కకి తిప్పి, తల దువ్వి జడ వేసిందట. "గుస్ల్‌లో మనం చేసేదీ ఇలాగే కదా భయ్యా" అంది చెల్లి. మయ్యత్ సతర్ కప్పి కడిగినంత జాగ్రత్తగా బతికున్న అమ్మీని కడిగింది. అమ్మీ ఆ రోజు ఆ పిల్లకి చేసిన దువా మాలో ఎవరికీ చేసి ఉండదు.

ఆ రాత్రి ఆ వార్డులో లేనిది, కైరో నగరంలో ఏడు వందల ఏళ్ళ కిందట ఉంది. సుల్తాన్ మన్సూర్ ఖలావూన్ 1284-85లో అక్కడ ఒక బీమారిస్తాన్ కట్టించాడు. బీమార్ అంటే రోగి, స్తాన్ అంటే చోటు. మనం రోజూ వాడే మాటలే. జ్వరాలకు వేరు, కళ్ళ జబ్బులకు వేరు, గాయాలకు వేరు, విరేచనాలకు వేరు, ఆడవాళ్ళకు వేరు విభాగాలుండేవని చరిత్రకారుడు మఖ్రీజీ రాశాడు. అన్ని చోట్లకూ పారే నీళ్ళు వచ్చేలా ఏర్పాటు చేశారు. అమీర్‌కైనా గులామ్‌కైనా అక్కడ ఇలాజ్ ఉచితమే. నాకు ముఖ్యమైన వాక్యం ఇంకోటి ఉంది: మరీజుల ఖిద్మత్ కోసం మగ ఫర్రాష్‌లనీ, ఆడ ఫర్రాష్‌లనీ పెట్టి జీతాలు నిర్ణయించారు. పరుపులు సర్దేదీ, బట్టలు చూసేదీ, చోటు కడిగేదీ వాళ్ళే. వక్ఫ్ ఆమ్‌దనీలోంచి హకీమ్‌తో పాటు వాళ్ళకీ ఉజ్రత్ ఉంది. అంటే ఆడ మరీజ్ హయాని కాపాడటం ఆ దవాఖానా బాధ్యత, ఆమె ఓపిక మీద వదిలేసే విషయం కాదు.

అక్కడికి తన కితాబులన్నీ వక్ఫ్ చేసిన ఇబ్నున్నఫీస్ పేరు ప్రపంచమంతా ఎరుగు. ఆ ఫర్రాష్ ఆడవాళ్ళలో ఒక్కరి పేరు కూడా నేను చదవలేదు.

శరీఫ్ ఇళ్ళ మాట ఎత్తారు కాబట్టి దూలాభాయ్‌కి ఇంకోటి. బాల్కన్ యుద్ధంలో తుర్కీ సిపాయిలు గాయపడుతుంటే, 1912 డిసెంబర్‌లో డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ హిందుస్తాన్ నుంచి వైద్య బృందాన్ని తీసుకెళ్ళారు. డాక్టర్లు కొందరే, తక్కినవాళ్ళలో చాలామంది మగ నర్సులు. చౌధరీ ఖలీకుజ్జమాన్, షుఐబ్ ఖురైషీ, అబ్దుర్రహ్మాన్ సిద్దీఖీ లాంటి అలీగఢ్ చదువుల కుర్రాళ్ళు అలా వెళ్ళినవాళ్ళే. శరీఫ్ ఇళ్ళ వారసులు చదువు పక్కన పెట్టి, పరాయి దేశంలో గాయాలు కడిగి కట్లు కట్టారు. 1913లో తిరిగొచ్చినప్పుడు కౌమ్ వాళ్ళని నెత్తిన పెట్టుకుంది. వాళ్ళకి రిష్తాలు దొరకలేదని ఎక్కడా చదవలేదు.

ఇదంతా దూలాభాయ్‌కి ఫోన్‌లో చెప్పాను. అంతా విని, "నర్సమ్మలకి నైట్ డ్యూటీలు ఉంటాయి కదా" అన్నారు. ఉంటాయి. అమ్మీ తడిసిన పక్క మీద ఏడ్చింది రాత్రిపూటే అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత హాస్టల్ ఎక్కడ, ఫీజు ఎంత అని అడిగారు. అప్లికేషన్‌కి ఇంకా పది రోజులు గడువుంది.