ఆ రెండక్షరాలు

1995 జూన్ 9 మధ్యాహ్నం బెర్ముడాలో రేవు వదిలింది రాయల్ మెజెస్టీ అనే విహార ఓడ. బోస్టన్ వెళ్లాలి. విహారానికి వచ్చినవాళ్లూ సిబ్బందీ కలిపి 1,509 మంది. గంట తిరక్కముందే పైకప్పు మీద జీపీఎస్ యాంటెన్నా తీగె ఊడిపోయింది.

పాపం, యంత్రం దాచలేదు. చేతిగడియారం పాటి కూత ఒక సెకను కూసింది. తెర మీద చిన్నగా 'డీఆర్' అని చూపింది. డెడ్ రెకనింగ్. ఉపగ్రహాలు అందడం లేదు, వేగమూ దిక్కూ బట్టి అంచనా కడుతున్నానని దాని మనవి. ఆ అంచనాలో గాలి లేదు, అల లేదు, నీటి వాలు లేదు. ఆ కూత ఎవరి చెవినా పడలేదు. ఆ రెండక్షరాలు ఎవరి కంటా పడలేదు. ఆటోపైలట్ ఆ లెక్కనే నమ్మింది. గంట గంటకూ అధికారులు అవే అంకెలు చూసి చార్టు మీద గుర్తులు పెట్టారు. గీత తిన్నగానే వచ్చింది. ఓడే పడమటికి జరిగిపోయింది.

అదే ఓడలో లోరాన్ అనే రేడియో దారిచూపు పరికరం అసలు చోటు చూపుతూనే ఉంది, ఎవరూ పోల్చలేదు. లోతు కొలిచే పరికరం హెచ్చరికను సున్నా మీటర్లకు పెట్టారు. అడుగు నేలకు తగిలాకే మోగమన్నట్టు!

మర్నాడు చీకటి పడ్డాక కావలివాళ్లు ఎడమవైపు ఎత్తున ఎర్రదీపాలు చూసి చెప్పారు. నడిసముద్రంలో అంత ఎత్తున దీపాలేమిటని ఎవరికీ అనుమానం రాలేదు. దారిలో తగలాల్సిన బోయా, అంటే నీటిపై తేలే గుర్తు, కనిపించిందా అని కెప్టెన్ ఫోన్‌లో అడిగితే, డ్యూటీలో ఉన్న సెకండ్ ఆఫీసరు కనిపించిందన్నాడు. నిజానికి కనిపించలేదు. జీపీఎస్ దారి మీదే ఉన్నామంటోంది, రాడార్‌కే అందలేదేమో అనుకున్నాడట. నన్నడిగితే చేటు ఆ ఒక్క మాట దగ్గరే జరిగిపోయింది.

కాసేపటికి ఎదురుగా నీళ్లు నీలంగా, తెల్లగా ఉన్నాయని కావలివాళ్ల కబురు. అదీ గాలికి పోయింది. రాత్రి 10.25కి ఓడ నాన్‌టకెట్ దీవికి తూర్పున రోజ్ అండ్ క్రౌన్ ఇసుక మేట ఎక్కి కూర్చుంది. దారి 17 మైళ్లు తప్పింది.

మర్నాటి రాత్రి టగ్గులు లాగి విడిపించాయి. ఒక్క ప్రాణం పోలేదు.

తెర చూపిందే నమ్మడం నేల మీదా ఉంది. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, రామ్‌గంగ మీద వంతెన ముందు భాగం అంతకుముందే వరదకు కొట్టుకుపోయి ఉంది. అడ్డుగా ఏమీ పెట్టలేదు. మ్యాపును నమ్మి వచ్చిందని పోలీసులు చెప్పిన కారు అక్కడినుంచి నదిలో పడింది. లోపలున్న ముగ్గురూ చనిపోయారు.