ఇద్దరు హుస్సేన్‌లు, ఒక సరస్వతి

మా దాదీ గదిలో గోడకు బురాఖ్ పటం వేలాడుతుండేది. ఆడమనిషి మొహం, గుర్రం ఒళ్లు, రెక్కలు, నెమలి తోక. ఉర్సులో కొన్న రంగుల కాయితం. పక్కన మక్కా, మదీనా. జుమ్మారాత్రి ఊదు వేసిందంటే మొదటి పొగ ఆ పటానికే. బడిలో పంతులుగారు మాత్రం 'మీలో బొమ్మలు నిషేధం కదరా' అనేవారు. అవునంటే దాదీ తప్పయిపోతుంది. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. కొన్నేళ్లకు గల్ఫు నుంచి వచ్చిన చాచా ఆ పటం దింపేశాడు. పంతులుగారు చెప్పిందీ, చాచా చేసిందీ ఒక్కటే. ఇద్దరూ మా ఇంటి గోడను చూడలేదు, వాళ్ల బుర్రలోని ఇస్లాంను చూశారు.

ఆధారాలు తర్వాత దొరికాయి. ఖురాన్‌లో విగ్రహారాధన మీద కోపం ఉంది గానీ బొమ్మ గీయకూడదని సూటిగా ఎక్కడా లేదు. ఆ మాట హదీసుల నుంచి వచ్చింది. దాన్ని ఒక్కో కాలం ఒక్కోలా అర్థం చేసుకుంది. 14వ శతాబ్దం మొదట్లో తబ్రీజ్‌లో వజీరు రషీదుద్దీన్ రాయించిన లోకచరిత్ర గ్రంథంలో జిబ్రయీల్ ముందు ప్రవక్త కూర్చుని ఉంటాడు, మొహం మీద ముసుగు లేకుండా. 16వ శతాబ్దం చివర ఉస్మానియా సుల్తాన్ మూడో మురాద్ వేయించిన ప్రవక్త జీవిత చిత్రాల్లో మొహానికి తెల్లటి ముసుగు వచ్చింది. రెండూ భక్తితో వేసినవే. 2022లో అమెరికాలో మిన్నెసోటాలోని హామ్లిన్ విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకురాలు ముందే హెచ్చరించి మరీ ఈ తబ్రీజ్ చిత్రాన్ని తరగతిలో చూపించింది. ఒక విద్యార్థిని నొచ్చుకుంది. ఆ అధ్యాపకురాలికి మళ్లీ క్లాసులు ఇవ్వలేదు. ముస్లింలు గీసుకున్న బొమ్మే ముస్లిం వ్యతిరేకమైపోయింది! ఆ మాట వాడినందుకు 2023లో విశ్వవిద్యాలయమే వెనక్కి తగ్గాల్సివచ్చింది.

మన దక్కనుకు వద్దాం. బీజాపూరును 1580 నుంచి 1627 దాకా ఏలిన రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కితాబె నౌరస్ అని దక్కనీలో పాటలు కట్టాడు. అందులో సరస్వతికీ, గణపతికీ మొక్కుతాడు. 1604 ప్రాంతంలో అతని ఆస్థాన చిత్రకారుడు ఫరూఖ్ హుస్సేన్ వీణ వాయిస్తున్న సరస్వతిని వేశాడు. ఆ చిత్రం మీదే, ఇబ్రహీంకు గణపతి తండ్రి, సరస్వతి తల్లి అన్న అర్థంలో రాసి ఉంది. తురకరాజు, తురక చిత్రకారుడు, చదువుల తల్లి. మా చరిత్ర పాఠాల్లో గుళ్లు కూల్చిన సుల్తానులు వరసగా వచ్చారు గానీ ఈ బొమ్మ ఎన్నడూ రాలేదు.

ఇంకో హుస్సేన్ 1915లో పండరీపురంలో పుట్టాడు. 1960ల చివర లోహియా సలహా మీద, హైదరాబాదులో బద్రీవిశాల్ పిత్తి అండతో రామాయణ చిత్రాలు వేశాడు. వాటిని ఎడ్లబండి మీద పల్లెలకు తీసుకెళ్లి చూపించామనీ, ఎవరూ తప్పుపట్టలేదనీ తర్వాత తనే చెప్పుకున్నాడు. 1976లో సరస్వతిని గీతల్లో నగ్నంగా గీశాడు. ఇరవై ఏళ్లు ఎవరికీ పట్టలేదు. 1996లో ఒక హిందీ పత్రిక దాన్ని అచ్చువేసి, ఇతను చిత్రకారుడా కసాయా అని శీర్షిక పెట్టింది. బొమ్మ అదే. మారింది కాలం. మధ్యలో 1992 డిసెంబరు వచ్చింది. 'కసాయి' అన్న మాట చూడండి. పొద్దున్నే దుకాణం తీసి మాంసం కొట్టి పిల్లల్ని సాకే మా ఖురేషీల వృత్తి పేరది, తిట్టయింది.

ఆ బొమ్మ చూసి నిజంగా నొచ్చుకున్నవాళ్లు లేరని నేననను. ఉంటారు. వాళ్లతో మాట్లాడొచ్చు. కానీ 1998లో ముంబైలో అతని ఇంట్లోకి జొరబడి ధ్వంసం చేసినవాళ్లు మాట్లాడడానికి రాలేదు. 2006లో అతను దేశం విడిచాడు. 2008లో ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసింది. అయినా తిరిగి రాలేకపోయాడు. 2010లో ఖతర్ పౌరుడై, 2011 జూన్ 9న లండన్‌లో పోయాడు. ఇంగ్లండు మట్టిలోనే కలిశాడు.

2005 సెప్టెంబరులో డెన్మార్క్ పత్రిక వేసిన 12 కార్టూన్ల సంగతి వేరు. అందులో ఒకటి తలపాగాలో బాంబు. అది ప్రవక్త బొమ్మ అని మనవాళ్లు వీధుల్లోకి వచ్చారు. నాకైతే అది మా చాచా బొమ్మ. గడ్డం ఉన్న ప్రతివాడి బొమ్మ. రషీదుద్దీన్ బొమ్మకూ దీనికీ తేడా మొహం కనపడ్డమూ కనపడకపోవడమూ కాదు, గీసినవాడు ఎక్కడ నిలబడి గీశాడన్నది. ఎక్కడో బాంబు పేలితే వార్త పక్కన మా నమాజు వరసల ఫోటో వేసే పత్రికల్ని నేను చూశాను. ఏ మొహానికీ ముసుగు లేదు, అయినా ఎవరి మొహమూ కనపడదు.

ఇక మనవైపు. 2004లో ఇదే హుస్సేన్ 'మీనాక్షి' సినిమా తీశాడు. అందులో కథ మొదలయ్యేది మన హైదరాబాదులోనే. ఒక ఖవ్వాలీలో ఖురాన్ మాటలు వాడాడని కొందరు ఉలేమాలు అభ్యంతరం చెప్పారు. సినిమా థియేటర్లలోంచి వెనక్కి తీసేశారు. హుస్సేన్‌కు జరిగిన అన్యాయాల గురించి మా సభల్లో చాలాసార్లు విన్నాను. ఇల్లు, కేసులు, ఖతర్, అన్నీ వస్తాయి. 'మీనాక్షి' రాదు. నేనూ రెండుసార్లు మాట్లాడాను. నేనూ ఆ పేరెత్తలేదు.