నాలుగో స్థానం, ఆరు కార్లు



మన సంచికకు కోయంబత్తూరు మోటారు పందేల చరిత్ర రాసే పని మా మీద పడి రెండేళ్లయింది. పోయినసారి మేము రాసిన ఒక వాక్యాన్ని దిద్దుకోవాలి. అది సంచిక వచ్చేదాకా ఆగకుండా ఇక్కడే చెబుతున్నాము.

"2005 అమెరికా గ్రాండ్ ప్రీలో మన ఊరి నరైన్ కార్తికేయన్ ప్రపంచ మేటి డ్రైవర్ల నడుమ నాలుగో స్థానం సాధించారు" అని రాశాము. అందరూ మెచ్చుకున్నారు. కాలేజీలో చదివే ఒక పిల్లవాడు మాత్రం, "మామా, ఆ రోజు ఎన్ని కార్లు పరిగెత్తాయో రాయలేదే?" అన్నాడు.

ఆరు. అసలు 20 కార్లు రావాలి. ఇండియానాపోలిస్‌లో 13వ మలుపు గోడవైపు ఏటవాలుగా ఉంటుంది. అక్కడి వేగానికి మిషెలిన్ టైర్లు ఆగలేవని శుక్రవారమే తేలింది. పందెం నడుమ టైర్లు మార్చకూడదని ఆ ఏడాది నియమం. మలుపు దగ్గర వేగం తగ్గించే ఏర్పాటు చేయమంటే అధికారులు ఒప్పుకోలేదు. జూన్ 19న ఒక చుట్టు తిరిగి, మిషెలిన్ టైర్ల కార్లు 14 పక్కకు తప్పుకున్నాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఫెరారీ, జోర్డాన్, మినార్డి జట్ల ఆరు కార్లే మిగిలాయి.

మేము రాసిన అంకె నిజమే. అయినా చదివినవాళ్లకు అబద్ధమే చేరింది. ఈ పనిలో మాకు తెలిసివచ్చింది ఇదే: పందెం ఫలితం రాసేటప్పుడు ఎన్ని కార్లు బయలుదేరాయో, ఎన్ని చివరిదాకా నిలిచాయో పక్కనే రాయాలి. టైరు సంగతి తెలియని అవ్వకు కూడా అర్థమయ్యేలా రాయాలి.

నిజం చెబితే ఆయన గొప్ప తగ్గుతుందేమోనని మాలో కొందరు భయపడ్డారు. తగ్గదు. మినార్డి కార్లు రెండూ ఆయన వెనకే వచ్చాయి. ఫార్ములా వన్‌లో పాయింట్లు తెచ్చుకున్న తొలి భారతీయుడు ఆయనే. ఆ అయిదు పాయింట్లు ఎవరూ తీసేయలేదు.

పైగా అసలు కథ అంతకు ముందే మొదలయింది. మన జి.డి. నాయుడు గారు 1920లో పొళ్లాచ్చి, పళని నడుమ ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. తర్వాత మిల్లుల కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజిను పెట్టి ఒంటి సీటు పందెం కార్లు కట్టించారు. కుర్రవాళ్లకు అందే ధరలో పందెం నేర్పిన కార్లవి. కార్తికేయన్ తొలి అడుగులు వేసిందీ వాటిలోనే. కరివర్ధన్ గారు 1995లో విమాన ప్రమాదంలో పోయారు. చెట్టిపాళయం దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే.

ఇక మీతో ఒక పని. షోళవరం పాత విమానాల మైదానంలో పందేలు చూసినవాళ్లు, దిగినవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. "మా తాతే గెలిచాడు" అన్న మాట మాకు ముద్దే. దానితోపాటు కప్పు మీది అక్షరాలు, పాత పత్రిక ముక్క, ఫోటో ఏదైనా ఉంటే చూపండి. ఫోటో వెనక ఎవరు, ఎక్కడ, ఏ ఏడు అని పెద్దవాళ్లను అడిగి ఈ వారమే రాయించండి. చెప్పగలిగినవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు.

ఆ పిల్లవాణ్ణి ఈసారి మా గుంపులో చేర్చుకున్నాము. అచ్చుకు ముందు ప్రతి అంకె వాడే చూస్తాడు.