కరామత్ కాదు, కిర్దార్ చూడండి



ఆదివారం వచ్చిందంటే అరసవల్లి రోడ్డు ఆటోలతో నిండిపోతుంది. సూర్యనారాయణస్వామి దర్శనానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కంటి జబ్బులు, చర్మవ్యాధులు నయమవుతాయన్న నమ్మకం చాలామందిది. అదే పూట శ్రీకాకుళంలో చర్చిలూ కిటకిటలాడతాయి. మనవాళ్లు ఇంట్లో ఎవరికైనా బీమారీ వస్తే దువా చేయించడానికి, దమ్ చేయించడానికి బయల్దేరతారు. దారులు వేరైనా అందరూ వెతికేది షిఫానే. ఈ తలాష్ ఉన్నచోటే ధోకేబాజ్ కూడా దుకాణం తెరుస్తాడు. ఏ మజ్‌హబూ దీనికి మినహాయింపు కాదు. మన పొరుగున ఉన్న ఈసాయీలు ఈ మసలాను ఎలా ఎదుర్కొన్నారో వాళ్ల తారీఖ్‌లో చూస్తే మనకూ సబఖ్ దొరుకుతుంది. హజ్రత్ ఈసా అలైహిస్సలాం విషయంలో మన అఖీదా వేరు, వాళ్లది వేరు. ఆ బహస్ ఇక్కడ చేయడం లేదు.

అబద్ధ ప్రవక్తలు గొర్రెతోలు కప్పుకున్న తోడేళ్లలా వస్తారని, చెట్టును పండును బట్టి గుర్తించినట్టు వాళ్లను గుర్తించాలని మత్తయి సువార్తలో ఉంది. ప్రతి ఆత్మనూ నమ్మేయకుండా పరీక్షించమని యోహాను మొదటి పత్రిక చెబుతుంది. సరే, పరీక్షించడం ఎలా? దీనికి సూటి జవాబు ‘డిడకే’ అనే చిన్న గ్రీకు కితాబులో ఉంది. ఇది తొలినాళ్ల ఈసాయీ జమాత్‌ల నియమావళి. శతాబ్దాలపాటు కనిపించకుండా పోయిన దీని పూర్తి ప్రతి 1873లో ఇస్తాంబుల్‌లో ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ అనే పాద్రీకి దొరికింది. 1883లో ఆయనే దాన్ని అచ్చు వేయించారు.

ఊరూరా తిరిగే బోధకుల గురించి అందులో ఉన్న ఖాయిదాలు చూడండి. వచ్చినవాడిని ఇజ్జత్‌తో ఆదరించాలి. ఒకరోజు ఉండొచ్చు, అవసరమైతే రెండోరోజూ ఉండొచ్చు. మూడోరోజు కూడా తిష్ఠ వేస్తే వాడు అబద్ధికుడు. వెళ్లేటప్పుడు తర్వాతి మజిలీ దాకా సరిపడే రొట్టె తీసుకోవచ్చు, పైసలు అడిగితే అబద్ధికుడు. ఆత్మావేశంలో ఉన్నానంటూ భోజనం పెట్టించి, దాన్ని తానే తినేవాడూ అబద్ధికుడే. నిజమే బోధిస్తూ దాని మీద అమల్ చేయనివాడూ అంతే. అయితే గరీబుల కోసం అడిగితే మాత్రం తప్పు పట్టొద్దు.

ఈ ఖాయిదాల్లో ఎక్కడా వాడి కరామత్‌లు ఎన్ని, ఎంతమందికి నయం చేశాడు అన్న సవాల్ లేదు. చూసేదల్లా కిర్దార్, లేన్‌దేన్. మూడు రోజుల లెక్క మనకూ తెలిసినదే. మెహమాన్ హక్కు మూడు రోజులని, ఆపైన పెట్టేది సదఖా అని, ఇంటివాళ్లకు భారమయ్యేదాకా ఉండటం జాయిజ్ కాదని హదీస్ చెబుతుంది.

ఇక మన తెలుగు నేలకు వద్దాం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడ చేరుకున్నారు, ఆ తర్వాత శ్రీకాకుళం, బొబ్బిలి వైపూ వచ్చారు. లండన్ మిషన్ వాళ్లు, లూథరన్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవారు. బాప్టిస్టుల దృష్టిలో అది బాప్తిస్మమే కాదు. అందరి చేతిలో ఉన్నది ఒకే బైబిల్, అయినా ఒకరి సహీ బోధ మరొకరికి గలతీ.

1938లో మరో మలుపు. ముంగమూరి దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘంలో ఎన్నో ఏళ్లు సేవ చేసిన బోధకుడు, కీర్తనలు రాసినవారు. ఆ ఏడాది జనవరి 31న రాజమండ్రిలో ఆయనకు గాలిలో బంగారు అక్షరాలతో ‘బైబిల్ మిషన్’ అనే మాట కనిపించిందని అనుచరులు చెబుతారు. కలలు, దర్శనాలు, దైవసన్నిధిలో కనిపెట్టడం ఆ బోధలో ముఖ్యమైనవి. ఆయన పాత సంఘం వదిలి వేరుదారి పట్టారు. నేడు గుంటూరు దగ్గర కాకాని ఆ మిషన్‌కు కేంద్రం.

మునిపల్లెలో కలగర సుబ్బారావు గారిది ఇంకో దాస్తాన్. ఆయన బడిపంతులు. 1942లో జబ్బుపడి ఉన్నప్పుడు తనకు క్రీస్తు దర్శనమిచ్చాడని చెప్పారు. క్రీస్తు పేరుతో దువా చేస్తే నయమవుతుందని జనం ఆయన దగ్గరికి వచ్చేవారు. కానీ బాప్తిస్మం అక్కర్లేదు, చర్చి అక్కర్లేదు, అహాన్ని వదలడమే అసలు సంగతి అనేవారు. చర్చి పెద్దలకు అది మింగుడుపడలేదు. అయితే కాయ్ బాగో అనే డెన్మార్క్ పండితుడు కొట్టిపారేయకుండా ఆ ఉద్యమాన్ని తహ్‌ఖీక్ చేసి 1968లో పుస్తకమే రాశారు.

ఈ ఇద్దరితో ఈసాయీ ఉలమాకు పేచీ ఉండొచ్చు. కానీ ఆ పేచీ అఖీదాకు సంబంధించిన ఇఖ్తిలాఫ్. జబ్బుమనిషి భయాన్ని అమ్ముకోవడం ధోకా. మొదటిదానికి దలీల్‌తో జవాబు చెప్పాలి, రెండోదాన్ని తలుపు దగ్గరే ఆపాలి. ఈ ఫర్ఖ్ మరచిన ఖౌమ్ రెండు విధాలా నష్టపోతుంది. తనతో విభేదించిన షరీఫ్ మనిషిని గుమ్రాహ్ అంటుంది, తియ్యగా మాట్లాడే దొంగకు చేయి ముద్దాడుతుంది.

మన ఇళ్లలో జరుగుతున్నది ఇదే కదా! ఫాతిహా ఇచ్చావా లేదా, ఆమీన్ గట్టిగా అన్నావా మెల్లగా అన్నావా అని సగే భాయీల మధ్య సలాం ఆగిపోతుంది. అదే ఇంట్లో బిడ్డకు ఫిట్స్ వస్తే, ఊరూపేరూ తెలియని ఆమిల్ అడిగినంతా చేతిలో పెడతారు. నాకు తెలిసిన ఒక ఖాందాన్‌లో అలా తల్లి మెడలో బంగారం పోయింది, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన నెలలూ పోయాయి. బంగారం మళ్లీ చేయించుకోవచ్చు. ఆ నెలలు ఎవరు తెచ్చిస్తారు?

మన బుజుర్గులు ఇల్మ్ లేనివాళ్లు కారు. ఫిత్నా లేచాక ప్రతి రివాయత్‌కూ సనద్ అడగడం మొదలైందని ఇబ్నె సీరీన్ రహ్మతుల్లా అలైహి చెప్పారు. రావీ సచ్చా మనిషేనా, జ్ఞాపకం బాగుందా, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు అని జల్లెడ పట్టారు. పెద్ద పేరున్నవాళ్లనూ వదల్లేదు. మనిషి గాలిలో ఎగిరినా షరీయత్ మీద నిలబడ్డాడో లేదో చూడందే నమ్మొద్దని సూఫీలూ నేర్పారు.

కాబట్టి ఎవరైనా మీ గుమ్మం ఎక్కి దమ్ చేస్తానంటే నాలుగు మాటలు అడగండి. నీ ఉస్తాద్ ఎవరు? పైసలు ఎందుకు? డాక్టర్ దగ్గరికి వెళ్లొద్దంటావా? ఈ మాటలు మా ఇమామ్ సాబ్ ముందు చెబుతావా? సచ్చా మనిషి ఈ సవాళ్లకు కోపగించుకోడు. కోపగించుకుంటే, అదే మీకు జవాబు.

అల్లాహ్ మనకు మంచిచెడుల తమీజ్ ప్రసాదించుగాక. ఆమీన్.